చిన్న మోటారూ మా ఉస్తాదూ

మిషన్ షాపులో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కనిపించినా నేను ఒకటే అడుగుతాను. "మీ మిల్లింగ్ మిషన్ మోటారు ఎన్ని హార్స్‌పవర్?" స్పీడు చెబుతారు, ఫీడు చెబుతారు, కట్టర్ ఎక్కడ కొన్నారో కూడా చెబుతారు. మోటారు సంగతి మాత్రం వెనక్కి వెళ్లి ప్లేటు మీద చూసి వస్తారు. డబ్బాలో బియ్యం ఎన్నున్నాయో చూడకుండా చుట్టాలను భోజనానికి పిలిచే వాళ్లను మా అమ్మ ఏమనేదో ఇక్కడ రాయలేను. నేనైతే ఏమీ అనను. రిటైరయ్యాక తిట్టే అధికారం ఎలాగూ పోయింది. కూర్చోబెట్టి మా ఉస్తాద్ సంగతి చెబుతాను.

నా ఉద్యోగంలో చివరి భాగమంతా ఒక చిన్న శిక్షణ కేంద్రంలో గడిచింది. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి వెళితే, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది. నడిపేది చర్చి సిస్టర్లు. నేను వర్క్‌షాప్ ఇన్‌ఛార్జిని. పిల్లలకు పని నేర్పడం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే రిపేర్లు చేసి పంపడం మా పని. మా దగ్గర ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఎవరో దాతలు ఇచ్చిన చిన్న మిల్లింగ్ మిషన్ ఉండేవి. మిల్లింగ్ అంటే తెలియని వాళ్లకు ఒక్క మాట చెబుతాను. పళ్లున్న కట్టర్ గిరగిరా తిరుగుతుంటే, దాని కిందికి ఇనుప ముక్కను మెల్లగా జరుపుతూ కావలసిన ఆకారంలో చెక్కుతాం. ఆ కట్టర్ ఉండే కడ్డీని స్పిండిల్ అంటారు. దాన్ని తిప్పే మోటారు మా మిషన్‌లో ఒక్క హార్స్‌పవర్‌ది, అదీ సింగిల్ ఫేజ్ కరెంటు మీద నడిచేది.

ఆ మోటారు ఎంత పని చేయగలదో పిల్లలకు చెప్పడానికి నా ఏప్రన్ జేబులో ఎప్పుడూ ఒక ఖాళీ అగ్గిపెట్టె ఉండేది. కొత్తగా వచ్చిన సిస్టర్ ఒకామె దాన్ని చూసి నేను బీడీలు తాగుతానేమోనని చాలా రోజులు అనుమానపడిందట. లెక్క చిన్నదే. కోత వెడల్పు, లోతు, నిమిషానికి ముక్క జరిగే దూరం, అంటే ఫీడు, ఈ మూడింటినీ గుణిస్తే నిమిషానికి ఎంత ఇనుము పొట్టుగా రాలుతుందో వస్తుంది. మామూలు ఇనుమైతే ఒక హార్స్‌పవర్ మోటారు నిమిషానికి సగం అగ్గిపెట్టె అంత కొయ్యగలదు. కట్టర్ మొద్దుబారితే అంత కూడా కొయ్యలేదు. అల్యూమినియం అయితే ఇంకాస్త ఆశపడొచ్చు. అంతకు మించి అడిగితే మోటారు మొదట మూలుగుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఆగిన మోటారుకు కరెంటు అలాగే పోతూ ఉంటే కాలిపోతుంది.

ఈ మిషన్ మీదికి నేనే పిలిపించి తెచ్చిన మనిషి మా ఉస్తాద్. నేను చిన్నప్పుడు ఒక పెద్ద వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేరాను. బొగ్గు గనుల యంత్రాలు బాగుచేసే చోటు. ఆడపిల్లకు మిల్లింగ్ మిషన్ ఇవ్వడానికి అక్కడ అందరూ నసుగుతుంటే ఈయనొక్కడే నన్ను తన మిషన్ దగ్గర నిలబెట్టుకున్నాడు. మొదటి రోజే పాఠం చెప్పాడు.

"చెయ్యి దూరం పెట్టు బిడ్డా, చెవి దగ్గర పెట్టు. మిషన్ అబద్ధమాడదు. కోత ఎక్కువైతే మూలుగుతది, తక్కువైతే ఈల ఏస్తది. సరిగ్గ ఉన్నదనుకో, తుమ్మెద లెక్క ఒక్కతీరుగ పోతది."

ఆయన మిషన్ మోటారు పది హార్స్‌పవర్. అగ్గిపెట్టెల్లో చెప్పాలంటే నిమిషానికి ఐదారు. ఆ షాపులో ఒక గొప్ప ఉండేది. పెద్ద కోతను ఒకే దఫాలో లాగేస్తే దాన్ని "ఒక్క పట్టు" అనేవాళ్లు. రెండు మూడు దఫాలుగా తీసేవాణ్ని పక్కన నిలబడి "ఏందిరా, గీకుతున్నవా?" అని ఏడిపించేవాళ్లు. గీకుడు అనే మాట పడటం కన్నా జీతం కోత పడటమే నయం అక్కడ. మా ఉస్తాద్ ఉద్యోగమంతా ఒక్క పట్టు మనిషి. నీలంగా కాలిన ఇనుప పొట్టు ఆయన బూట్ల చుట్టూ కుప్పగా పడుతుంటే, ఆయన తల కొంచెం వంచి, చెవి మిషన్ వైపు పెట్టి, కళ్లు సగం మూసుకుని నిలబడేవాడు.

ఆయన రిటైరైన కొన్నేళ్లకు కొత్తగూడెంలో ఒక పెళ్లిలో కలిశాడు. "ఇంట్ల కూసుంటే గోడలు మీదికొస్తున్నయ్ బిడ్డా. యాడన్న ఒక మిషన్ ఉంటే చెప్పు, ఊకెనే చేస్త," అన్నాడు. నేను సిస్టర్‌తో మాట్లాడాను. సిస్టర్ అంటే మా కేంద్రానికి పెద్ద. మధిర వైపు మనిషి. మాట మెత్తన, నిర్ణయం గట్టి. అంత అనుభవం ఉన్న మనిషి వస్తానంటే ఎవరు కాదంటారు? ఆయన మరునాడే టిఫిన్ డబ్బాతో బస్సు దిగాడు. చిన్న మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గిది మిషనా, మిక్సీనా?" అన్నాడు. పిల్లలంతా పడీపడీ నవ్వారు. ఓడలు బళ్లవుతాయని ఊరికే అనలేదు.

మోటారు మొదటిసారి కాలినప్పుడు మేమంతా వోల్టేజీని తిట్టాం. అందులో నిజం లేకపోలేదు. మా కేంద్రానికి, చుట్టూ ఉన్న పొలాల బోర్లకు ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. మన దగ్గర ప్రతి బోరుకూ ఆటో స్టార్టర్ ఉంటుంది కదా. కరెంటు పోయి రాగానే రైతు పొలానికి పోనక్కర్లేకుండా మోటారు దానంతటదే లేస్తుంది. ఒక్కటి లేస్తే పర్వాలేదు. అన్నీ ఒక్కసారే లేస్తాయి. అప్పుడు మా బల్బులు దీపాల్లా ఎర్రబడతాయి. వోల్టేజీ ముప్పావుకు పడితే మోటారు బలం సగానికి పడుతుంది. అంటే మా ఒక్క గుర్రం కాసేపు సగం గుర్రమే. బరువు ఎక్కువైతే కరెంటు ఆపే ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్ కొడుతుందని మాలో ఎవరో దాన్ని పైకి తిప్పి పెట్టారు. ఆ సంగతి కూడా అప్పుడే బయటపడింది. సరి చేశాం. వైండింగ్ చేయించి బిగించాం. ఉస్తాద్‌తో మెల్లగా చెప్పాను.

"ఉస్తాద్, దీనికి జర చిన్న చిన్న కోతలు పెట్టుండ్రి."

"అట్లనే బిడ్డా," అన్నాడు. పెట్టలేదు.

రెండోసారి కాలినప్పుడు వోల్టేజీ సరిగ్గానే ఉంది, ఆ పాత రిలే మాత్రం సమయానికి ఆపలేదు. వార్నిష్ కాలిన వాసన షెడ్డంతా నిండింది. ఇద్దరం మోటారును సంచిలో వేసుకుని కొత్తగూడెం వైండింగ్ షాపుకు పోయాం. అతను మాకు వీపు పెట్టి, కాలిన తీగ లాగుతూ అన్నాడు. "మోటరు చిన్నది, మీరు తిండి పెద్దగ పెడుతున్నరు. పోయినసారి గూడ చెప్పిన. మీకు చెప్పుడంటే చెవిటోని ముందు శంఖం ఊదినట్టే."

ఉస్తాద్ కోపం నాకు తెలుసు. ఈ మాటకు లేచి కొడతాడేమో అనుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని కొత్త రాగి తీగ చుట్టలను చూస్తూ మురిసిపోతున్నాడు. తిరుగు బస్సులో అడిగాడు. "ఏమంటుండు వాడు?"

"కోత తగ్గించమంటుండు ఉస్తాద్."

"వానికేం ఎరుక కోత సంగతి," అని నవ్వాడు. వయసుతో మనిషి ఎంత మెత్తబడ్డాడో అనుకుని నేను సంతోషపడ్డాను కూడా. తెలివి తక్కువతనానికి హద్దుండాలి.

ఆ సాయంత్రం సిస్టర్ నన్ను ఆఫీసుకు పిలిచింది. "చూడమ్మా, ఆయనంటే నాకూ గౌరవమే. కానీ అది పిల్లల మిషన్. రిపేరులో ఉంటే వాళ్లు నేర్చుకునేదేముంది? ఇంకొకసారి కాలిందంటే ఆయన్ని ఇంటికి పంపించాల్సిందే. ఆ మాట నువ్వే చెప్పాలి, నేను చెబితే బాగుండదు."

ఆయన్ని ఇంటికి పంపడమంటే ఏమిటో సిస్టర్‌కు తెలియదు. నాకు తెలుసు. పొద్దున బస్సు దిగి వస్తున్నప్పుడు ఆయన నడకే వేరుగా ఉండేది. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తెల్ల జుట్టు. మిషన్ దగ్గరికి వచ్చి ముందు దాన్ని తువ్వాలుతో తుడిచి, ఆ తర్వాతే మాకు నమస్తే చెప్పేవాడు.

కొద్ది రోజులకు అసలు సంగతి తెలిసింది. నేను షెడ్డు అవతలి మూల డ్రిల్లు సాన పడుతున్నాను. ఆయన ఒక ఇనుప దిమ్మెను చదును చేస్తున్నాడు. ఉన్నట్టుండి మోటారు మూలుగు వినిపించింది. బరువైన బండి ఎత్తు ఎక్కేటప్పుడు చేసే చప్పుడు అది. తిరిగి చూశాను. ఉస్తాద్ ఎప్పటిలాగే తల వంచి, చెవి మిషన్ వైపు పెట్టి, కళ్లు సగం మూసుకుని హ్యాండిల్ తిప్పుతున్నాడు. ముఖం ఎంత ప్రశాంతంగా ఉందంటే, చర్చిలో పాట వింటున్నట్టు ఉంది.

"ఉస్తాద్, ఎనుకకు తియ్యుండ్రి!" అని అరిచాను. తిరగలేదు. పరుగెత్తుకుంటూ పోయి ఎర్ర బటన్ నొక్కాను.

"ఏందీ? ఎందుకు బంద్ చేసినవ్?"

"మూలుగుతుంది ఉస్తాద్."

"యాడ మూలుగుతుంది? మంచిగ పోతుంటే!"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. మూలుగు ఆయనకు చేరలేదు, అంతే. నాకు ఒక అనుమానం వచ్చింది. అది తప్పు కావాలని దేవుణ్ని వేడుకుంటూనే పరీక్షించాను. మధ్యాహ్నం అన్నీ ఆపేశాక ఆయన వెనక నిలబడి "ఉస్తాద్" అని మామూలుగా పిలిచాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. దిమ్మె అంచు గోటితో తడిమి చూసుకుంటున్నాడు. అప్పుడు ముందుకు వెళ్లి, ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, గొంతు అసలు లేకుండా పెదాలు మాత్రం కదిలించి అడిగాను. "చాయ్ తాగుదామా?"

"పా," అన్నాడు వెంటనే. లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

పెద్ద వర్క్‌షాప్ గోలలో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. అందుకే అక్కడ అందరం పెదాలు చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. నాకూ వచ్చింది, ఆయనకు నాకన్నా బాగా వచ్చు. ఎదురుగా ఉంటే ఆయనకు ప్రపంచమంతా వినిపిస్తుంది. వీపు తిప్పితే ఏమీ లేదు. ఇంట్లో కోడలు టీవీ అంత గట్టిగా ఎందుకని అడిగితే టీవీ పాడైందని చెప్పేవాడట. వాళ్లుండే గని కార్మికుల కాలనీలో ఆయన వయసు వాళ్లంతా అరుచుకునే మాట్లాడతారు. అందరూ గట్టిగా మాట్లాడే చోట ఒక మనిషికి చెవులు పోయాయని ఎవరికి తెలుస్తుంది? నాకు చెవి దగ్గర పెట్టమని చెప్పిన మనిషి, ఏమీ వినపడకపోయినా తన చెవిని అలాగే మిషన్ దగ్గర పెడుతున్నాడు. ఆ రోజు బాత్‌రూముకు పోయి కుళాయి తిప్పి ఏడ్చాను.

సిస్టర్‌కు చెబితే? జాలిపడి, శాలువా కప్పి, గౌరవంగా ఇంటికి పంపేస్తుంది. ఉస్తాద్‌కే చెబితే? అంత అవసరం లేకుండా తనే వెళ్లిపోతాడు. నాకు ఇద్దరికీ చెప్పబుద్ధి కాలేదు.

మోటారు మీద బరువు ఎక్కువైతే అది మూలగడం ఒక్కటే కాదు, కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది. ఆ లాగడం ముల్లు మీద కనిపిస్తుంది. రైతుల బోరు డబ్బాల్లో ఉండే ఆంపియర్ మీటరు అందరూ చూసే ఉంటారు. మా సామాన్ల గదిలో మూలకు పడి ఉన్న ఒక పాత డబ్బా నుంచి చిన్న మీటరు తీయించాను. ఎలక్ట్రీషియన్‌తో దాన్ని మిల్లింగ్ మిషన్‌కు కలిపించి, సరిగ్గా ఉస్తాద్ కళ్ల ఎత్తులో బిగించాను. మోటారు తట్టుకోగలిగే హద్దు దగ్గర, అద్దం మీద, ఒక అమ్మాయి దగ్గర అడిగి తీసుకున్న ఎర్ర బొట్టుబిళ్ల అంటించాను. ముల్లు బొట్టు దాటకపోతే మోటారుకు క్షేమం.

"గిదేంది?" అన్నాడు ఉస్తాద్.

"పిల్లల కోసం. వాళ్లకు ఇంకా చెవి కుదర్లేదు కదా."

ఆయన నా ముఖం వంక చాలాసేపు చూశాడు. మరునాడు పొద్దున వచ్చి, ఎప్పటిలాగే మిషన్ తుడిచి, తువ్వాలు తీసుకెళ్లి ఆ మీటరు మీద కప్పాడు. ఆ తర్వాతి రోజూ అంతే. తువ్వాలు తీసే ధైర్యం నాకు లేదు. ఆయన మిషన్ మీద ఉన్నంతసేపూ నేను ఏదో ఒక పని పెట్టుకుని పక్కనే తచ్చాడుతుండేదాన్ని. పిల్లలు నవ్వుకునేవాళ్లు, మిషన్‌కు దిష్టి తగులుతుందని మేడంకు భయమట అని.

అలా ఉండగా ఎండలు ముదిరిన రోజుల్లో, లోపలి అడవి గూడెం నుంచి భార్యాభర్తలిద్దరు బైకు మీద వచ్చారు. గోనె సంచిలో విరిగిన కప్లింగ్ తెచ్చారు. నీళ్ల పంపునూ దాని మోటారునూ కలిపే రెండు ఇనుప బిళ్లలవి. ఒకదాని పళ్లు ఇంకొకదాని సందుల్లో దూరి తిరుగుతాయి. అందులో ఒక బిళ్ల విరిగింది. గూడెం నీళ్ల మోటారు ఆన్, ఆఫ్ చేసే పని ఆమెదే. భర్తతో వాళ్ల భాషలో ఏదో అని, మా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"ఖమ్మం గూడ పోయినం మేడం, గీ మోడల్ ఇప్పుడు రాదంట. వాగు ఇసుకల చెలిమె తవ్వి నీళ్లు తోడుకుంటున్నం. చిన్న పిల్లలకు వాంతులు పట్టినయ్."

కొత్తది చేయడమొక్కటే దారి. మా దగ్గర సరిపోయే లావు కడ్డీ ఒక్క ముక్కే మిగిలి ఉంది. లేత్ మీద గుండ్రంగా చేసి, బెజ్జం పెట్టేసరికి ఒక పూట పట్టింది. ఇక పళ్ల కోసం లోతైన గాళ్లు చెక్కాలి. మిల్లింగ్ పని. మధ్యలో మోటారు ఆగితే కట్టర్ విరిగి అందులోనే ఇరుక్కుంటుంది, ముక్క పాడవుతుంది. ఇంకో ముక్క లేదు. మోటారు కాలితే ఉస్తాద్ కూడా లేడు.

ఆయన కట్టర్ బిగించి, అలవాటు ప్రకారం లోతు మొత్తం ఒకేసారి పెట్టబోయాడు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను, పెదాలు బాగా కనిపించేలా.

"ఉస్తాద్, ఒక మాట. ఇంకొకసారి మోటరు కాలితే మిమ్మల్ని ఇంటికి పంపాలన్నది సిస్టర్. నన్నే చెప్పమన్నది."

చెయ్యి హ్యాండిల్ మీదే ఆగింది. "ఎన్నడు చెప్పింది?"

"రెండోసారి కాలినప్పుడే."

"మరి ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలే?"

"చెప్పబుద్ధి కాలే."

ఆయన గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్న ఆ ఇద్దరి వైపు చూశాడు. తర్వాత తువ్వాలు కప్పిన మీటరు వైపు చూశాడు. "అయితే ఎంత పెట్టాల్నో నువ్వే చెప్పు," అన్నాడు. నా గురువు నోటి నుంచి ఆ మాట వినడం నాకు ఏమాత్రం సంతోషం కలిగించలేదు. నేల మీద సుద్దతో లెక్క వేశాను. కట్టర్ వెడల్పు, లోతు, ఫీడు. సగం అగ్గిపెట్టెకు తెచ్చాను. బోర్లు లేచినప్పుడు బలం సగానికి పడుతుంది కాబట్టి దాన్ని మళ్లీ సగం చేశాను. చివరికి తేలిన లోతు చూపించాను.

"గింతేనా? గీకాల్నా?"

"గీకాలె ఉస్తాద్."

"నా దోస్తులు సూస్తే ఉరేసుకుంటరు," అన్నాడు. అని, మీటరు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

మొదటి గాడి మెల్లగా దిగింది. ముల్లు బొట్టుకు చాలా ఇవతలే ఊగుతోంది. ఆయన తల ఇప్పుడు మిషన్ వైపు వంగలేదు. నిటారుగా నిలబడి ముల్లునే చూస్తున్నాడు, కొత్తగా బండి నేర్చుకునేవాడు రోడ్డును చూసినంత భయంగా. రెండో గాడి అయింది. కాసేపటికి ఆయన చెయ్యి ముల్లుకు అలవాటు పడింది. అది కొంచెం లేస్తే చెయ్యి నెమ్మదించేది, దిగితే చెయ్యి కదిలేది. ఆ చెయ్యిని నేను గుర్తుపట్టాను. నా చిన్నప్పటి పెద్ద మిషన్ మీద చూసిన చెయ్యే అది.

చివరి గాడి సగంలో ఉండగా కరెంటు పోయింది. ముక్కను వెనక్కి తీసుకుని కూర్చున్నాం. కరెంటు రాగానే ఉస్తాద్ మొదలుపెట్టబోతే కాసేపు ఆపాను. బల్బులు ఎర్రబడి మళ్లీ తెల్లబడ్డాయి. బోర్లన్నీ లేచినట్టే అనుకుని పని మొదలుపెట్టాం. సరిగ్గా అప్పుడే సిస్టర్ లోపలికి వచ్చింది. నేను మిషన్‌కు వీపు పెట్టి, గూడెం వాళ్ల సంగతి ఆమెకు చెబుతున్నాను. వాంతులైన పిల్లల సంగతి విని ఆమె దవాఖానాకు ఫోన్ చేయాలంటోంది. నా చెవి మిషన్ మీద లేదు.

వెనక హ్యాండిల్ గిర్రున తిరిగిన చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఉస్తాద్ ముక్కను పూర్తిగా వెనక్కి లాగేశాడు. కట్టర్ గాలిలో తిరుగుతోంది. దాని తిరుగుడు మందగించింది. తల మీద బల్బు ఎర్రగా ఉంది.

"ఏమైందండీ? ఆపేశారేం?" అంది సిస్టర్.

ఆమె పెదాలు చూసి, ఆయన మీటరు వైపు వేలు చూపించాడు. "అటు పక్క లైన్‌కు ఇప్పుడొచ్చినట్టుంది కరెంటు. ఆ బోర్లు లేసినయ్. ముల్లు బొట్టు మీదికి ఎక్కింది. లాగిన." చొక్కా చేత్తో చెమట తుడుచుకున్నాడు. "జర ఆగుదాం. దిగుతది."

దిగింది. ఆయన మళ్లీ ముక్కను కట్టర్ కిందికి జరిపి, మిగిలిన కోత పూర్తి చేశాడు. విప్పిన కప్లింగ్‌ను గూడెం ఆమె చేతిలో పెడితే, ఆమె పళ్లను ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూసుకుంది. "గట్టిదేనా?" అని అడిగింది. "నా కన్న ఎక్కువ రోజులుంటది," అన్నాడు ఉస్తాద్. వాళ్లు సంచి కట్టుకుని జల్దీ జల్దీగా బైకెక్కారు.

నేను అయిపోయిందనుకున్నాను. ఆయనకు అవలేదు. వెళ్లబోతున్న సిస్టర్‌ను పిలిచాడు.

"సిస్టర్, ఒక మాట. నాకు చెవులు పోయినయ్. శానా రోజులైంది. గందుకే మీ మోటరు రెండుసార్లు కాలింది. వోల్టేజీ కాదు. ఈ బిడ్డకు ఎరుకే, కానీ చెప్పలే. తప్పు ఈమెది కాదు."

సిస్టర్ ఆయన దగ్గరికి వచ్చింది. ఆమె ఏమంటుందో ఆయన కన్నా నేనే ఎక్కువ భయపడ్డాను. ఆమె మీటరును, దాని మీది బొట్టుబిళ్లను కాసేపు చూసింది.

"నేను ఇక్కడే నిలబడ్డాను. నాకు రెండు చెవులూ పనిచేస్తాయి. మోటారు మూలుగు నాకూ వినపడలేదు," అంది. ఆయనకు కనిపించేలా మెల్లగానే అంది. "రేపు పెందలాడే రండి. పిల్లలకు ఆ ముల్లు చూడటం నేర్పాలి."

ఉస్తాద్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత ఆ మిషన్ మోటారు మళ్లీ కాలలేదు. లేత్‌కూ డ్రిల్లింగ్ మిషన్‌కూ కూడా మీటర్లు వచ్చాయి, బొట్టుబిళ్లలు వచ్చాయి. పిల్లలకు ఆయన పాఠం కొంచెం మారింది. "చెవి మీరు పెట్టుండ్రి, కన్ను నేను పెడత," అనేవాడు. పొద్దున ఎవరు మిషన్ ఎక్కుతున్నా "ముల్లు పైలం" అనేవాడు, ముల్లు జాగ్రత్త అని. కొన్నాళ్లకు అది మా షెడ్డులో నమస్తేకు బదులైంది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు కూడా పిల్లలు ఒకరికొకరు అదే చెప్పుకునేవాళ్లు. గీకుడు అనే మాటను మాత్రం ఆయన చివరిదాకా క్షమించలేదు. చిన్న కోతలు పెడుతూనే, చుట్టూ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసుకునేవాడు.

నేను రిటైరైన రోజు చిన్న సభ పెట్టారు. ఆ రోజుకు నాకు మనసులో చాలా లెక్కలున్నాయి. ఇంట్లో ఊరికే కూర్చోను, ఖమ్మంలో ఒక షాపు చూడాలి, చర్చిలో కుట్టు క్లాసు పెట్టాలి, ఇంకా ఏవేవో. ఉస్తాద్ మొదటి వరసలో, సరిగ్గా నాకు ఎదురుగా కుర్చీ వేయించుకున్నాడు. నా చేతికి మైకు ఇచ్చారు. మైకు పెదాలకు అడ్డం వస్తుందని పక్కన పెట్టేసి మాట్లాడాను. వెనక ఉన్నవాళ్లు వినపడటం లేదని గోల చేశారు. చేయనీ అనుకున్నాను.

ఆఖరి మాట మాత్రం గొంతు లేకుండా చెప్పాను. పెదాలు మాత్రం కదిలించి, "నువ్వే నేర్పినవ్ ఉస్తాద్," అన్నాను. అన్నేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. సభలో ఎవరికీ ఏమీ అర్థం కాక, మర్చిపోయిందేమోనని చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్య ఆయన కూర్చున్న చోటు నుంచే, ఆయన కూడా గొంతు లేకుండా, తీరుబడిగా పెదాలు కదిలించాడు.

"ముల్లు పైలం, బిడ్డా."